బ్యాంకాక్ ట్రిప్‌లో పెద్ద షెఫ్ దగ్గర ఒక పూట భోజనం: గగన్ ఆనంద్ దగ్గరా, గరిమా అరోరా దగ్గరా?

పటమటలంక:
అందరికీ నమస్కారమండీ. సంక్రాంతి వెళ్ళాక మేం నలుగురం బ్యాంకాక్ వెళ్తున్నాం. నేను, మావారు, మా అత్తగారు, ఎనిమిదో తరగతి చదువుతున్న మా బాబు. గన్నవరం నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి నేరుగా బ్యాంకాక్. టికెట్లు, హోటల్ అన్నీ అయిపోయాయి. ఒక్కటే తేలలేదు.

మావారికి వంటంటే ప్రాణం. ఆదివారం వంటిల్లు ఆయనదే, మేమెవరం అటు వెళ్ళం. గగన్ ఆనంద్ గారి గురించి టీవీలో చూసిన దగ్గర్నుంచి "ఆ మనిషి చేతి వంట ఒక్కసారైనా తినాలి" అంటూనే ఉన్నారు. మా పెళ్ళిరోజు కూడా ఆ వారంలోనే వస్తోంది. ఆయన తనంతట తను అంత ఖర్చు పెట్టరు, అందుకని నేనే బుక్ చేద్దామనుకుంటున్నా.

కానీ మనిషికి అయ్యే డబ్బు చూస్తే చెయ్యి ఆగిపోతోంది. మా అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. బాబు ఏది పెట్టినా తింటాడు గానీ మూడు గంటలు ఒక్కచోట కూర్చుంటాడో లేదో. గరిమా అరోరా గారి రెస్టారెంట్ 'గా' కూడా ఆ ఊళ్ళోనే ఉందట. వెళ్ళొచ్చినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

బ్రాడీపేట నాలుగో లైను:
నేనూ మా ఆవిడా గగన్ దగ్గర తిన్నాం. మొహమాటం లేకుండానే చెప్తానండీ.

సుఖుంవిత్ 31వ వీధిలో ఉంటుంది. మనం అనుకునే హోటల్ లాంటి హాలు కాదు. వంటగది చుట్టూ ఒక బల్ల, దాని ముందు పధ్నాలుగు కుర్చీలు. అంతే. వండేవాళ్ళు మనకి ఎదురుగా చేయి చాచితే తగిలేంత దగ్గర్లో ఉంటారు. మెనూ కార్డు మీద అక్షరం ఉండదు, అన్నీ ఎమోజీ బొమ్మలే. ఏది వస్తుందో ఊహించుకోవాలి. సుమారు పాతిక రకాలు, ఒక్కోటి ఒకటి రెండు ముద్దలు. చాలా వాటికి చెంచా ఇవ్వరు, చేత్తోనే. ఒక దగ్గర పాట గట్టిగా పెట్టి పళ్ళెం నాకెయ్యమంటారు. సూటు వేసుకొచ్చిన పెద్దమనుషులు కూడా నాకేశారు. మన ఇంట్లో ఆవకాయ కలిపిన పళ్ళెం చివర్లో ఎలా అవుతుందో తెలిసినవాళ్ళకి ఆ పని కొత్తేం కాదు. కానీ అంత ఖరీదైన చోట అది చేయమనడానికి వండినవాడికి ధైర్యం కావాలి.

ఈయన కోల్‌కతా మనిషి. 2007లో బ్యాంకాక్ వెళ్ళారు, 2010లో ఒక పాత చెక్క ఇంట్లో సొంత రెస్టారెంట్ తెరిచారు. ఆసియాలో మేటి యాభై రెస్టారెంట్ల జాబితాలో 2015 నుంచి 2018 దాకా వరసగా మొదటి స్థానం దానిదే. 2019లో దాన్ని వదిలి బయటికొచ్చి, అదే ఏడాది ఇప్పుడున్న చోట మళ్ళీ మొదలుపెట్టారు. 2025లో మళ్ళీ ఆ జాబితాలో మొదటి స్థానం. పేరు వచ్చిన చోటిని వదిలేసి మళ్ళీ మొదటికి రావడం, అదీ నలభై దాటాక, తేలిక పని కాదు. నాకు ఆ మనిషి మీద గౌరవం అందుకే.

మీ వారి సంగతి వింటే తప్పకుండా తీసుకెళ్ళమనే చెప్తాను. మంచి సంగీత కచేరీకి ముందు వరసలో కూర్చున్నట్టుంటుంది. వంట మీద పిచ్చి ఉన్నవాడికి ఆ మూడు గంటలూ గడియారం గుర్తుకు రాదు. అది లేనివాళ్ళని మాత్రం మొహమాటానికి తీసుకెళ్ళొద్దు. మీ అత్తగారికి ఆ గోల, ఆ వెలుగులు, ఆ ఎత్తు కుర్చీ ఇబ్బందే అనిపిస్తోంది.

కారంపొడి గుంటూరు:
అక్కా, నా మాట కఠినంగా ఉంటే మన్నించండి. నేను ఈ ఖర్చుకి వ్యతిరేకం.

భోజనమంటే వడ్డించేవాడు పక్కనే నిలబడి "ఇంకాస్త వెయ్యమంటారా" అని అడగాలి. మనం వద్దని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి నెయ్యి పడాలి. శంకర్‌విలాస్‌లో మధ్యాహ్నం పూట కూర్చుంటే పప్పు, వేపుడు, పులుసు, పెరుగు వరసగా వస్తుంటాయి, కడుపూ మనసూ రెండూ నిండుతాయి. ఒక్కో ముద్ద లెక్కపెట్టి ఇచ్చేదాన్ని భోజనం అనడానికి నాకు మనసొప్పదు. నలుగురికయ్యే డబ్బుతో ఊళ్ళో అన్నదానానికి ఇచ్చినా పుణ్యం. పెద్దావిడ ఉన్నారు, చిన్నపిల్లాడు ఉన్నాడు. వాళ్ళు ఆకలితో బయటికొస్తే మీరు, బావగారు కూడా తిన్నది తృప్తిగా ఉండదు.

వంటగది పాఠాలు:
బెజవాడలో హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకి పాఠాలు చెప్తుంటాను. తమ్ముడు చెప్పిన కొసరి వడ్డించడం మన భోజనానికి ప్రాణం, అందులో రెండో మాట లేదు. అయితే అక్కడ జరిగేది వేరే పని. దాన్ని మన ఆకు భోజనంతో తూచకూడదు.

ఒక్క వంటకం తీసుకుని చెప్తాను. గగన్‌కి పేరు తెచ్చినవాటిలో పెరుగు గోళీ ఒకటి. చూడటానికి తెల్లగా, గుడ్డులోని పచ్చసొనంత ఉంటుంది. నోట్లో పెట్టుకుని నాలుకతో నొక్కితే పలచటి పొర చిట్లి లోపలి పెరుగు ఒక్కసారిగా వస్తుంది. దీని వెనక ఉన్నది గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్. అది కాల్షియం తగిలిన చోట జెల్లీలా గట్టిపడుతుంది. పెరుగులో కాల్షియం ఎలాగూ ఉంది, చాలకపోతే ఇంకాస్త కాల్షియం లవణం కలుపుతారు. ఆ పెరుగుని గరిటెతో ఆల్జినేట్ నీళ్ళలోకి జారవిడిస్తే చుట్టూ పొర కడుతుంది, లోపల పెరుగు పెరుగులాగే ఉండిపోతుంది. తర్వాత మామూలు నీళ్ళలో కడిగి తీస్తారు. స్పెయిన్‌లో ఫెరాన్ అడ్రియా అనే షెఫ్ గారి రెస్టారెంట్ ఎల్ బుల్లి 2003 నుంచి ఈ పద్ధతిని వంటగదుల్లోకి తెచ్చింది. గగన్ ఆ ఎల్ బుల్లి పరిశోధన బృందంలోనే కొన్నాళ్ళు పని నేర్చుకున్నారు. అక్కడ చూసినదాన్ని ఇక్కడి పెరుగు మీద పెట్టి, చాట్ రుచిని ఒక్క గోళీలోకి తెచ్చారు. మా పిల్లలతో క్లాసులో చేయిస్తుంటాం. పొర మరీ మందమైతే రబ్బరు నమిలినట్టుంటుంది, పలచనైతే చెంచాలోనే చితికిపోతుంది. ఆ మధ్య అంచు దొరకడానికి చేయి తిరగాలి. రాత్రికి పధ్నాలుగు మందికీ ఒకేలా రావాలంటే ఎంత క్రమశిక్షణ కావాలో ఊహించండి.

ఇంకోటి, మన గుంటూరువాళ్ళు తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా: కారం మీకు తక్కువనిపిస్తుంది. అది వాళ్ళకి చేతకాక కాదు. మిరపలోని క్యాప్సైసిన్ మన నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాలకే వెళ్ళి అతుక్కుంటుంది, అందుకే కారం తింటే నోరు కాలుతుంది. అది నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కారం తిన్నాక నెయ్యీ పెరుగూ కోరుకునేది అందుకే. పాతిక రకాలు వరసగా పెట్టేచోట నాలుగో వంటకంలోనే గుంటూరు సన్నం దంచి వేస్తే తర్వాత వచ్చే ఇరవై రుచులూ నాలుకకి అందవు.

పటమటలంక:
తమ్ముడూ, నువ్వన్నది కఠినమేం కాదు, మా అత్తగారు కూడా సరిగ్గా ఇదే అంటారు. పాఠాలు చెప్పే మాస్టారికి చాలా థ్యాంక్సండీ. నాచు అంటే శాకాహారమే కదా, అత్తగారికి చెప్పొచ్చా? 'గా' సంగతి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గాంధీనగర్ అమ్మాయి:
నాచు శాకాహారమే అక్కా. 'గా' గురించి నేను చెప్తా, ఎందుకంటే నేను వెళ్ళింది శాకాహారి అయిన మా అమ్మతోనే.

ముందు ఆవిడ సంగతి చెప్పాలి. గరిమా అరోరా ముంబై అమ్మాయి. జర్నలిస్టుగా పనిచేసి, అది మానేసి ప్యారిస్‌లో లె కార్డాన్ బ్లూ అనే వంటల కాలేజీలో వంట నేర్చుకున్నారు. కోపెన్‌హాగెన్‌లో నోమా అనే రెస్టారెంట్‌లో పనిచేశారు, తర్వాత బ్యాంకాక్‌లో గగన్ దగ్గర. 2017లో సొంతంగా 'గా' తెరిచారు. 2018లో మిషెలిన్ స్టార్, అంటే మంచి భోజనం పెట్టే చోట్లకి మిషెలిన్ గైడ్ ఇచ్చే గుర్తింపు, వచ్చింది. భారతీయ మహిళల్లో ఆ స్టార్ అందుకున్న మొదటి షెఫ్ ఆవిడే. 2023 డిసెంబరులో రెండో స్టార్. రెండు స్టార్లు వచ్చిన మొదటి భారతీయ మహిళ కూడా ఆవిడే. మాస్టర్‌చెఫ్ ఇండియాలో జడ్జిగా చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడు 'గా' ఉన్నది సుఖుంవిత్ 53లో, పాతకాలపు థాయ్ చెక్క ఇంట్లో. మెట్లు, అరుగులు, వాలు కప్పు చూసి అమ్మ "మన పల్లెటూరి మండువా ఇల్లు లాగే ఉందే" అంది. లోపల మాటలు వినపడేంత నెమ్మదిగా ఉంటుంది. మీ అత్తగారికి ఆ విషయంలో ఇది నయం.

అమ్మ మనసు గెలిచింది మాత్రం పనసకాయ. లేత పనసని నిప్పుల మీద కాల్చి, రొట్టెలతో, పచ్చళ్ళతో ఇస్తారు. ఆ రెస్టారెంట్‌కి పేరు తెచ్చిన వంటకం అది. మన దగ్గర పనసపొట్టు కూర అంటే ఆవపెట్టి, వడియాలు కలిపి, తద్దినానికో పెళ్ళికో చేసే మర్యాద గల కూర. పొట్టు కొట్టడం ఎంత కష్టమో అమ్మకి తెలుసు, చేతులకి నూనె రాసుకుని కూర్చునేది. పరాయి దేశంలో, అంత పేరున్న చోట, మాంసం ఉండాల్సిన స్థానంలో పనసకాయని పెద్దపీట వేసి కూర్చోబెట్టడం చూసి అమ్మ వడ్డించిన అమ్మాయిని పిలిచి, ఎంతసేపు కాలుస్తారు, జిగురు ఎలా తీస్తారు అని తెలుగూ ఇంగ్లీషూ కలిపి అడిగింది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది, లోపలికెళ్ళి ఇంకొకర్ని కూడా పిలుచుకొచ్చింది. శాకాహారికి ఏదో ఒకటి సర్దిపెట్టినట్టు కాకుండా శ్రద్ధగా పెట్టారని అమ్మకి అనిపించింది. నాకది చాలు.

కొసరు లేదన్న మాట నిజమే. మేం బయటికొచ్చేసరికి కడుపు నిండే ఉంది, ఎందుకంటే అన్ని ముద్దలు కలిపితే తక్కువేం కాదు.

అమరావతి రోడ్డు:
నాదొక హెచ్చరిక. గగన్ గురించో గరిమా గురించో కాదు, పెద్ద షెఫ్ పేరు బోర్డు మీద ఉన్న చోట్ల గురించి.

మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు. మేం వెళ్ళినప్పుడు ముచ్చటపడి అలాంటి ఒక రెస్టారెంట్‌కి తీసుకెళ్ళాడు, పేరు వద్దులెండి. ఆ షెఫ్ ఆ ఊళ్ళోనే లేరు. వంటకాలు మా ముందు పెట్టేసి, అదేంటో చెప్పకుండా వెళ్ళిపోయారు. పక్క బల్ల వాళ్ళ దగ్గర మాత్రం నిలబడి కథలు చెప్పారు. మా ఆవిడ చీరలో ఉంది, నాకు ఇంగ్లీషు అంత ధారాళంగా రాదు. కారణం అదేనని నేను ఖాయంగా చెప్పలేను, కానీ ఆ రాత్రి నా కొడుకు మొహం చిన్నబోవడం నేను మర్చిపోలేదు. బిల్లులో 12.5 శాతం సర్వీస్ చార్జి కూడా ఉంది. వంట బాగానే ఉంది. అయినా బయటికి వచ్చాక ఎవరం మాట్లాడుకోలేదు.

కాబట్టి అమ్మా, వండేది ఎవరు, ఆ రాత్రి షెఫ్ అక్కడ ఉంటారా లేదా అని ముందే రాసి అడుగు. అడగడం తప్పు కాదు.

వంటగది పాఠాలు:
మీకు జరిగింది అన్యాయం, బాబాయ్‌గారూ. ఎంత పెద్ద చోటైనా అతిథి భాషనీ బట్టనీ చూసి మర్యాద కొలిస్తే దాని వంటకి విలువ లేదు.

బోర్డు మీద పేరు, పొయ్యి దగ్గర చేయి వేరు కావడం ఈ రంగంలో మామూలే. గోర్డన్ రామ్సే గారి మొదటి రెస్టారెంట్ లండన్ చెల్సీలో 1998లో తెరిచారు, 2001 నుంచి దానికి మూడు స్టార్లు. కానీ అక్కడి వంటగదిని చాలా ఏళ్ళు నడిపింది క్లేర్ స్మిత్ అనే ఆవిడ. తర్వాత ఆవిడ 2017లో కోర్ అని సొంతంగా పెట్టుకుంటే 2021లో దానికీ మూడు స్టార్లు వచ్చాయి. అంటే అన్నేళ్ళూ జనం రామ్సే పేరు చెప్పుకుని తిన్నదాంట్లో ఆవిడ చేతి పనితనమే ఎక్కువ. యజమాని షెఫ్ ఊళ్ళో లేనంత మాత్రాన మోసం అనలేం. అక్కడ రోజూ వండేవాళ్ళ పేర్లు మనకి తెలియకపోవడమే అన్యాయం.

కారంపొడి గుంటూరు:
మాస్టారూ, ఒకటి అడుగుతా. ఈ స్టార్లు మన ఊళ్ళకి ఎందుకు రావు? బాబాయ్ హోటల్ ఇడ్లీ మీద వెన్న వేసి పెడితే దానికి సాటి ఏది? మనవాళ్ళ చేతి వంట తక్కువా?

అరండల్‌పేట లైబ్రరీ:
తక్కువ కాదన్నా. వాళ్ళు మన దేశానికి రాలేదు, అంతే సంగతి. మిషెలిన్ అంటే టైర్ల కంపెనీ. కార్లలో తిరిగేవాళ్ళ కోసం 1900లో ఫ్రాన్స్‌లో ఒక దారి పుస్తకం వేసింది. జనం కార్లలో ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి కదా. 1926లో మంచి భోజనం దొరికే చోట్లకి స్టార్ పెట్టడం మొదలుపెట్టారు, 1931లో దాన్ని మూడు స్టార్ల దాకా పెంచారు. ఒకటుంటే ఆగి తినొచ్చు, రెండుంటే దారి మళ్ళి అయినా వెళ్ళొచ్చు, మూడుంటే దానికోసమే ప్రయాణం కట్టొచ్చు అని అర్థం. తనిఖీకి వచ్చేవాళ్ళు ఎవరో తెలియనివ్వరు, బిల్లు కట్టే తింటారు. దేశాల వారీగా, ఊళ్ళ వారీగా గైడ్ వేస్తారు. చాలాచోట్ల ఆ దేశపు పర్యాటక శాఖ చేయి కలుపుతుంది. బ్యాంకాక్ గైడ్ కూడా థాయ్ పర్యాటక శాఖ భాగస్వామ్యంతోనే 2017 చివర్లో మొదలైంది. గైడ్ లేని దేశంలో ఎంత బాగా వండినా స్టార్ రాదు.

ఇంకో మాట. స్టార్ పళ్ళెంలో ఉన్నదానికే గానీ హాలుకీ, దీపాలకీ, కుర్చీలకీ కాదని వాళ్ళ నియమం. బ్యాంకాక్ మొదటి గైడ్‌లోనే జే ఫై అనే పెద్దావిడకి స్టార్ ఇచ్చారు. వీధి పక్క షాపు, బొగ్గుల పొయ్యి, కళ్ళకి పెద్ద రక్షణ అద్దాలు పెట్టుకుని పీత మాంసంతో ఆమ్లెట్ వేస్తారావిడ. కాబట్టి మన చిన్న హోటళ్ళకి రాకూడదని ఏమీ లేదు.

ఇంకా చెప్పాలంటే న్యూయార్క్‌లో సెమ్మా అని ఒక రెస్టారెంట్ ఉంది. తమిళనాడు పల్లెటూరి నుంచి వెళ్ళిన విజయ్ కుమార్ అనే షెఫ్ అక్కడ ఇంట్లో తిన్న వంటలే పెడతారు. పొలం గట్ల నత్తల కూర కూడా మెనూలో ఉంటుంది. 2022లో స్టార్ వచ్చింది. 2025లో అమెరికాలో షెఫ్‌లకి ఇచ్చే జేమ్స్ బియర్డ్ పురస్కారం, న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తమ షెఫ్‌గా. పక్క రాష్ట్రం పల్లె వంటకి అంత గౌరవం దక్కినప్పుడు మన ఉలవచారు, గోంగూర, చేపల పులుసు ఎందుకు వెళ్ళకూడదు? వెళ్ళాలి. మనవాళ్ళలో ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి.

తెనాలి ఆడపడుచు:
ఈ చర్చంతా చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా నాన్నగారు వంట మేస్త్రీ. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకి వండేవారు. తెల్లవారుజామున గాడిపొయ్యి తవ్వించి, గుండిగలెక్కించి, మధ్యాహ్నానికి వందల విస్తళ్ళకి సరిపడా దించేవారు. పులుసు రుచి చూడకుండా, ఆవిరి వాసన బట్టే ఉప్పు తక్కువైందని చెప్పేవారు. వంటవాళ్ళు తినకూడదు కదా ముందు, దేవుడికి నైవేద్యం కావాలి. అందుకని ముక్కుతోనే రుచి చూడటం అలవాటైంది. బూర్ల పిండి చేతికి తగిలే తీరు బట్టి నీళ్ళు చిలకరించేవారు. ఊరంతా "భోజనాలు అదిరిపోయాయి" అని పెళ్ళివారిని మెచ్చుకునేది. పెళ్ళివారి పేరు అందరికీ తెలుసు, బ్యాండు మేళం వాళ్ళ పేరు కూడా తెలుసు. వండిందెవరో అడిగినవాళ్ళు తక్కువ. ఆయన వెనక గుమ్మంలో చివరి పంక్తిలో తిని, లెక్క తీసుకుని వచ్చేసేవారు.

ఇప్పుడొక మనిషి వంట తినడానికి జనం దేశాలు దాటి వెళ్తున్నారు, ఆయన పేరు తల్చుకుని వెళ్తున్నారు. ఆ రోజు మా నాన్నకి రావాల్సిన మర్యాద అది. డబ్బున్నవాళ్ళ ఆర్భాటంగా దీన్ని చూడలేను నేను. పటమటలంక అక్కా, మీ వారిని తీసుకెళ్ళండి. వెళ్ళినప్పుడు బల్ల అవతల ఉల్లిపాయలు తరిగే కుర్రాడి పేరు కూడా అడగండి.

కారంపొడి గుంటూరు:
తెనాలి అక్కా, మీ నాన్నగారి వంట మా మేనత్త పెళ్ళిలో నేను తినే ఉంటాను, ఆ రోజుల్లో ఆ పక్కనంతా మీవాళ్ళే కదా. ఖర్చు మీద నా మాట మాత్రం అదే. మర్యాద మీద మీ మాటకి తిరుగు లేదు.

బెజవాడ ఆడిటర్:
ఖర్చు సంగతి స్పష్టంగా చూసుకోండి, చాలామంది అక్కడే దెబ్బతింటారు. బ్యాంకాక్‌లో పెద్ద రెస్టారెంట్ల ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి. ఒకటి 10 శాతం సర్వీస్ చార్జి, రెండోది 7 శాతం వ్యాట్. వ్యాట్ లెక్కించేది సర్వీస్ చార్జి కలిపాక. మెనూ 10,000 బాత్ అనుకుంటే సర్వీస్‌తో 11,000, దాని మీద వ్యాట్ 770, మొత్తం 11,770. అంటే చూసిన ధర మీద 17.7 శాతం ఎక్కువ. మంచినీళ్ళు, పానీయాలు వేరే. మన క్రెడిట్ కార్డు మీద విదేశీ మారకపు రుసుము సాధారణంగా 2 నుంచి 3.5 శాతం పడుతుంది, దానికి జీఎస్టీ అదనం. ఆ రుసుము లేని ట్రావెల్ కార్డు ఉంటే అది వాడండి. మిషన్ మీద "రూపాయల్లో కడతారా" అని అడిగితే వద్దని బాత్‌లోనే కట్టండి, రూపాయల్లో అంటే మారకం రేటు ఇంకా ఎక్కువ వేస్తారు.

మన దగ్గర అలవాటు ప్రకారం సర్వీస్ చార్జి తీసెయ్యమని అక్కడ అడక్కండి. ఇక్కడైతే 2022 జులైలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దాన్ని బిల్లులో తనంతట కలపకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. ఆ నియమం మన దేశం వరకే.

ఇంకోటి: ఇలాంటి చోట్ల డబ్బు ముందే కట్టించుకోవడం, ఆలస్యంగా రద్దు చేసుకుంటే తిరిగి ఇవ్వకపోవడం మామూలు. పద్నాలుగు కుర్చీల్లో రెండు ఖాళీ అయితే వాళ్ళ రాత్రి రాబడిలో ఏడో వంతు పోతుంది, కాబట్టి తప్పుపట్టలేం. విమానం దిగిన రోజు రాత్రికి మాత్రం బుక్ చెయ్యకండి.

పటమటలంక:
ఆడిటర్‌గారూ, ఈ లెక్క చూపించకపోయి ఉంటే నేను ఆ ప్లస్ గుర్తులు పట్టించుకునేదాన్నే కాదు. తెనాలి చెల్లీ, నీ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. విని చాలాసేపు ఆవిడ పుట్టింట్లో వండిన వంటమనిషి గురించి చెప్పారు.

నైలు నుంచి కృష్ణకి:
మేం దుబాయ్ మీదుగా వస్తూపోతూ ఉంటాం. ఎప్పుడైనా అటు వెళ్తే ట్రెసిండ్ స్టూడియో అనే రెస్టారెంట్ గుర్తుపెట్టుకోండి. అక్కడి షెఫ్ హిమాంశు సైనీ అనే ఢిల్లీ కుర్రాడు, ఢిల్లీలోని ఇండియన్ యాక్సెంట్ రెస్టారెంట్‌లో షెఫ్ మనీష్ మెహ్రోత్రా దగ్గర పని నేర్చుకున్నాడు. మిషెలిన్ దుబాయ్ గైడ్ మొదలైన 2022లో ఒక స్టార్, 2023లో రెండు, 2025లో మూడు. ప్రపంచంలో మూడు స్టార్లు వచ్చిన మొదటి భారతీయ వంటల రెస్టారెంట్ అదే. సీట్లు ఇరవై దాకా ఉంటాయేమో, అంతే. ఈ ట్రిప్‌కి కాకపోయినా ఇంకోసారికి.

గాంధీనగర్ అమ్మాయి:
అక్కా, రెస్టారెంట్ సరే, మిగతా రోజులు అత్తగారి తిండి సంగతి కూడా చూసుకోండి. థాయ్ వంటలో నామ్ ప్లా అనే చేపల సాస్, కపి అనే రొయ్యల ముద్ద కనిపించకుండా అన్నిట్లో ఉంటాయి. కూరగాయల వేపుడు అన్నా అందులో చేపల సాస్ పడి ఉండొచ్చు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న షాపుల్లో 'జే' వంట దొరుకుతుంది. అందులో మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. అత్తగారికి అది నిశ్చింత. పచ్చి బొప్పాయి సలాడ్ చూసి బొప్పాయే కదా అని ఇచ్చెయ్యకండి, చేపల సాస్‌తో పాటు ఎండు రొయ్యలు కూడా దంచుతారు.

పటమటలంక:
ఇంట్లో మాట్లాడుకున్నాం. దాచి ఉంచుదామనుకున్నా గానీ ఖర్చు ఇంతని తెలిశాక మావారికి చెప్పకుండా చెయ్యబుద్ధి కాలేదు. ఆయన ఈ చర్చంతా మొదట్నుంచీ చదివారు. పెరుగు గోళీ ఈ ఆదివారమే చేస్తానని సోడియం ఆల్జినేట్ ఆర్డర్ పెట్టేశారు కూడా.

నలుగురం కలిసి 'గా'కి వెళ్తాం. ఆ మాట అన్నది మా అత్తగారే. "పనసకాయని వాళ్ళేం చేశారో చూసొద్దాం పద" అన్నారు. పెళ్ళిరోజు రాత్రి గగన్ దగ్గర రెండు సీట్లు దొరికితే మేమిద్దరం వెళ్తాం, ఆ రాత్రి నాయనమ్మా మనవడూ హోటల్లో ఉంటారు. దొరక్కపోతే వెయిటింగ్ లిస్టులో పేరు ఇస్తాం. ఆ డబ్బు కోసం ట్రిప్‌లో షాపింగ్ మానేస్తున్నాం, నాకేం బాధ లేదు. మాస్టారూ, మెయిల్‌లో అత్తగారి గురించి ఏం రాయాలో కాస్త చెప్తారా? 'వెజిటేరియన్' అంటే చాలదేమోనని భయంగా ఉంది.

వంటగది పాఠాలు:
చాలదమ్మా. ఒక్కొక్కటి విడదీసి రాయి. మాంసం, చేప, రొయ్య, గుడ్డు ఏవీ వద్దు. చేపల సాస్, రొయ్యల ముద్ద, ఎముకలూ మాంసమూ మరిగించిన స్టాక్, జెలటిన్, జంతువుల కొవ్వు కూడా వద్దు. పాలు, పెరుగు, నెయ్యి తింటారని కూడా రాయి. లేకపోతే అవీ తీసేసి పెడతారు, పెద్దావిడకి రుచి తగ్గిపోతుంది. ఇంగువ, ఉల్లి, వెల్లుల్లి తింటారా లేదా అన్నది వేరే వాక్యంలో చెప్పు. పడనివి ఏవైనా ఉంటే, వేరుశనగో జీడిపప్పో, అది అన్నిటికంటే పైన పెట్టు. అబ్బాయి వయసు రాసి, ఆ వయసు వాళ్ళని అనుమతిస్తారా అని అడుగు, కొన్నిచోట్ల పరిమితి ఉంటుంది. అత్తగారికి మెట్లు ఎక్కడం కష్టమైతే అదీ రాయి, పాత ఇల్లు కదా. అందరికీ ఒకే సమయానికి వడ్డిస్తారు కాబట్టి చెప్పిన టైముకి పావుగంట ముందే చేరండి. ఆ సాయంత్రం ఘాటు సెంటు వద్దు, మీకే కాదు పక్కవాళ్ళకి కూడా వంట వాసన అందదు.

బుక్ చేసేటప్పుడే ఇవన్నీ రాయాలి. వాళ్ళు ఒప్పుకున్నట్టు జవాబు వచ్చాకే డబ్బు కట్టు.

పటమటలంక:
అలాగేనండీ. మెట్ల సంగతి నాకు తట్టనే లేదు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఇప్పుడే రాస్తున్నాను. జవాబు రాగానే వయసు సంగతి ఏమన్నారో ఇక్కడ పెడతా, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది.